ఆ గీత గుండెదా, గోడలో కరెంటుదా?

మూడు వైర్లు, మూడు జెల్ స్టిక్కర్లు, అగ్గిపెట్టెకన్నా చిన్న సర్క్యూట్ బోర్డు. మా అమ్మమ్మ రెండు మణికట్ల మీద ఒక్కో స్టిక్కరు, చీలమండ దగ్గర ఇంకొకటి అంటించి బోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపాను. తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఇదేనా నాన్నా నా గుండె?" అని అడిగారు. అవునన్నాను. కాసేపటికి స్టిక్కర్లు తీసేసి బల్ల మీద పడేశాను. గీత ఆగలేదు. ఇంతకుముందుకన్నా హుషారుగా ఎగురుతోంది.

అది అమ్మమ్మ గుండె కాదు. గోడలోని 230 వోల్టుల కరెంటు. బల్ల మీద పడి ఉన్న వైర్లు యాంటెన్నాల్లా దాన్ని పట్టి తెర మీదికి తెచ్చాయి.

ఈసీజీ చూపించే చేతి గడియారాలు మామూలైపోయాయి. ఇంజినీరింగ్ కాలేజీల ప్రదర్శనల్లో "ఆలోచనతో నడిచే కారు" తరచుగా కనిపిస్తోంది. గుండె, కండరం, కన్ను, మెదడు వెలువరించే విద్యుత్ సంకేతాలను నమోదు చేసే బోర్డులు ఆన్‌లైన్లో తేలిగ్గా దొరుకుతున్నాయి. దాంతో రెండు రకాల అపోహలు కూడా పెరిగాయి. ఇవి ఉత్త బొమ్మలని కొందరు కొట్టిపారేస్తే, ఇంట్లోనే గుండె పరీక్ష అయిపోయిందని ఇంకొందరు అనుకుంటున్నారు. అసలు చిక్కు రెండింటికీ మధ్యలో ఉంది. గీత తెప్పించడం ఇప్పుడు పెద్ద పని కాదు. ఆ గీత ఎవరిదో తేల్చడమే కష్టం.

ఒంట్లో కరెంటు అంటే ఏ కరెంటు?

ఒంట్లో కరెంటు ఉంటుందనగానే స్విచ్‌బోర్డులో ఉండేదే గుర్తొస్తుంది. కానీ తీగలో పారేవి ఎలక్ట్రాన్లు. ఒంట్లో కదిలేవి ఉప్పునీటిలో కరిగి ఉన్న అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడ్ రేణువులు. ప్రతి కణం పొటాషియాన్ని లోపల ఎక్కువగా దాచుకుంటుంది, సోడియాన్ని బయటికి తోసేస్తుంది. ఈ హెచ్చుతగ్గుల వల్ల కణం పొర లోపలివైపు కాస్త రుణావేశంతో ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న నాడీకణంలో ఆ తేడా సుమారు 70 మిల్లీవోల్టులు. గుండె కింది గదులైన జఠరికల కండరంలో సుమారు 90. మిల్లీవోల్టు అంటే వోల్టులో వెయ్యో వంతు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు 1,500 మిల్లీవోల్టులు ఇస్తుంది.

ప్రేరణ అందగానే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయటి సోడియం లోపలికి దూసుకొస్తుంది, లోపలివైపు కాసేపు ధనావేశం వస్తుంది. వెంటనే పొటాషియం బయటికి వెళ్ళి మళ్ళీ పాత స్థితి నెలకొంటుంది. నాడీకణంలో ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగుస్తుంది. గుండె కండరంలో కాల్షియం కూడా చేరి దీన్ని సెకనులో నాలుగో వంతుకు పైగా సాగదీస్తుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావాటి నాడిలో ఈ వ్యవహారాన్ని కొలిచి 1952లో సమీకరణాలుగా రాశారు. 1963లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఒక్కో కణంలో సుమారు 100 మిల్లీవోల్టుల ఎగుడుదిగుడు జరుగుతుంటే చర్మం మీద ఒక్క మిల్లీవోల్టు కూడా కష్టంగా దొరుకుతుంది, ఎందుకు? దూరం ఒక కారణం. కణాలన్నీ ఒకేసారి ఒకే దిశలో పని చేయకపోవడం అంతకన్నా పెద్ద కారణం. కోలాటం గుర్తు చేసుకోండి. నలభై మంది ఎవరి తాళం వారిదిగా కర్రలు కొడితే మూడు వీధుల అవతలికి వినిపించేది ఉత్త గలగల. అందరూ ఒక్క తాళానికి కొడితే ఆ దెబ్బ ఊరి చివరిదాకా వినిపిస్తుంది. గుండెలో జఠరికల కణాలు దాదాపు పదో వంతు సెకనులో వరుసగా ఉత్తేజం పొందుతాయి కాబట్టి ఆ దెబ్బ మణికట్టుదాకా చేరుతుంది. మెదడులో కోట్ల కణాలున్నా ఎక్కువసేపు ఎవరి తాళం వారిదే. పైగా మధ్యలో పుర్రె అడ్డు.

నాలుగు సంకేతాలు, నాలుగు పరిమాణాలు

గుండె సంకేతాన్ని ఈసీజీ అంటారు. చర్మం మీద దాని ఎత్తైన శిఖరం సుమారు 1 మిల్లీవోల్టు. కండరాలది ఈఎంజీ. పిడికిలి ఎంత గట్టిగా బిగిస్తే అంత పెరుగుతుంది, కొన్ని మిల్లీవోల్టులదాకా పోతుంది, సెకనుకు 20 నుంచి 500 సార్లు ఊగే అలల కలగాపులగంలా ఉంటుంది. కిట్ కొన్నవాళ్ళు మొదటిరోజే సాధించేది ఇదే. మెదడుది ఈఈజీ. దాన్ని కొలిచేది మైక్రోవోల్టుల్లో, అంటే మిల్లీవోల్టులో మళ్ళీ వెయ్యో వంతు. మామూలుగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు.

నాలుగోది ఈఓజీ, కంటి కదలికది. దీన్ని కంటి కండరాల సంకేతమని చాలామంది పొరబడతారు. నిజానికి కనుగుడ్డే చిన్న బ్యాటరీ: ముందున్న కార్నియా ధనధ్రువం, వెనుక రెటీనా రుణధ్రువం. కన్ను కుడికి తిరిగితే ఆ బ్యాటరీ కొస కుడి కణత దగ్గరికి వస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 15 నుంచి 20 మైక్రోవోల్టుల మార్పు. 30 డిగ్రీలు తిప్పితే దాదాపు అర మిల్లీవోల్టు, అంటే ఈఈజీకన్నా ఎన్నో రెట్లు పెద్దది. కన్ను మెదడుకు ఎంత దగ్గర్లో ఉందో గుర్తుంచుకోండి, ముందు ముందు ఇదే గొడవ తెస్తుంది.

ఉప్పునీటి తొట్ల నుంచి నాలుగు మిల్లీమీటర్ల చిప్ దాకా

లండన్‌లో అగస్టస్ వాలర్ 1887లో తొలిసారి మనిషి గుండె విద్యుత్తును ఒంటి పైనుంచి నమోదు చేశాడు. తర్వాత తన ప్రదర్శనల్లో పెంపుడు బుల్‌డాగ్ జిమ్మీని వాడేవాడు. దాని కాళ్ళను ఉప్పునీటి గిన్నెల్లో ముంచి నిలబెట్టేవాడు, ఆ నీరే ఎలక్ట్రోడు. 1909లో బ్రిటన్ పార్లమెంటులో ఇది జంతుహింస కాదా అని ఒక సభ్యుడు నిలదీశాడు. నీటిలో కలిపింది వంటింటి ఉప్పేననీ, సముద్రంలో కాళ్ళు తడుపుకున్నవారికి ఆ అనుభవం తెలిసే ఉంటుందనీ హోంమంత్రి గ్లాడ్‌స్టన్ బదులిచ్చాడు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విలెమ్ ఐంథోవెన్ 1901లో నిర్మించిన తంత్రీ గాల్వనోమీటరు, అంటే సన్నటి తీగతో అతి చిన్న కరెంటును పట్టే పరికరం, మెరుగైన గీతలు ఇచ్చింది. అది సుమారు 270 కిలోల యంత్రం, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చునేవాడు. ఆసుపత్రి నుంచి ప్రయోగశాలకు ఒకటిన్నర కిలోమీటర్ల టెలిఫోన్ తీగ మీదుగా గుండె సంకేతాన్ని పంపిన ఘనత కూడా ఆయనదే. ఈసీజీలో పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని మనం చెప్పుకునే అలల పేర్లు ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ఆ 270 కిలోల పనిలో ముఖ్యభాగాన్ని ఏడీ8232 అనే చిప్ చేస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల చదరం. చవక ఈసీజీ బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మెదడు సంకేతాల కోసం 2013లో జనం చందాలతో మొదలైన ఓపెన్ బీసీఐ బోర్డు ఉంది. మన దేశంలో అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ తయారుచేసే బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ నాలుగు సంకేతాలకూ పనికొచ్చేలా రూపొందింది. బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ వారి స్పైకర్ బాక్స్ ఇంకో దారి తొక్కింది: బొద్దింక కాలిలోని నాడుల పటపటలను స్పీకర్లో వినిపిస్తుంది.

ఊగే పడవలో ఇద్దరి ఎత్తు కొలవడం

గదిలో ట్యూబులైటు, ఫ్యాను, గోడల్లో వైరింగ్ ఉన్నంతసేపూ మన ఒళ్ళు వాటి విద్యుత్ క్షేత్రంలో తడుస్తూనే ఉంటుంది. నేలను తాకకుండా ఉన్న మనిషి ఒంటి మీద సెకనుకు 50 సార్లు ఊగే వోల్టేజీ చేరుతుంది. లెక్క తేలిక కోసం అది 1 వోల్టు అనుకుందాం. వెతుకుతున్నదేమో 1 మిల్లీవోల్టు. అరిచేవాడు గుసగుసలాడేవాడికన్నా వెయ్యి రెట్లు గట్టివాడు.

అదృష్టం ఏమిటంటే ఆ అరుపు రెండు మణికట్ల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. గుండె సంకేతం మాత్రం రెండు చోట్లా వేర్వేరుగా ఉంటుంది. ఊగే పడవలో ఇద్దరు నిలబడితే ఎవరు పొడుగో చెప్పడానికి పడవ ఎంత ఊగుతోందో తెలియనక్కర్లేదు, ఇద్దరి తలల మధ్య తేడా చూస్తే చాలు. కిట్‌లోని ఆంప్లిఫయర్ చేసేది అదే. రెండు ఎలక్ట్రోడ్లలో ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టేసి, తేడాను మాత్రమే పెద్దది చేస్తుంది.

ఎంత బాగా కొట్టేస్తుందన్నదానికి ఒక కొలమానం ఉంది. ఏడీ8232 తయారీదారు ఇచ్చే అంకె 80 డెసిబెల్స్, అంటే ఉమ్మడి సంకేతం పదివేల వంతుకు తగ్గుతుంది. మన 1 వోల్టు కాస్తా 0.1 మిల్లీవోల్టు అవుతుంది. గుండె సంకేతంలో అది పదో వంతు. గీత కాస్త గరుకుగా ఉన్నా శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇదే బోర్డును నుదుటికి తగిలించి మెదడు సంకేతం కోసం చూస్తే? అక్కడ వెతికేది 50 మైక్రోవోల్టులు, మిగిలిపోయిన కరెంటు రొద 100 మైక్రోవోల్టులు. రొదే రెట్టింపు! గుండెకు సరిపోయిన బోర్డు మెదడు దగ్గర చేతులెత్తేయడానికి కారణం ఈ చిన్న భాగహారమే.

మూడో స్టిక్కరు పని ఇక్కడే. అది ఊగుతున్న పడవను పట్టుకుని ఆపే తాడు. ఉమ్మడి ఊపును కొలిచి, దానికి వ్యతిరేకంగా అతి చిన్న వోల్టేజీని తిరిగి ఒంటికి పంపుతుంది. ఆనవాయితీగా కుడికాలికి కలుపుతారు.

ఇవన్నీ రెండు స్టిక్కర్లూ ఒకేలా అంటుకున్నప్పటి లెక్కలు. చర్మం పైపొర చచ్చిన కణాల అట్ట, అది ఎండిపోయి ఉంటే కరెంటును సరిగా పోనివ్వదు. ఒక స్టిక్కరు కింద శుభ్రమైన చర్మం, ఇంకోదాని కింద కొబ్బరినూనె జిడ్డు ఉంటే ఉమ్మడి అరుపు రెండు చోట్లా ఒకేలా చేరదు. ఆంప్లిఫయర్ ఆ తేడాను నిజమైన సంకేతమనుకుని పెద్దది చేస్తుంది. అమ్మమ్మకు అంటించినప్పుడు ఈ తేడా కాస్త ఉండే ఉంటుంది. వైర్లు బల్ల మీద పడ్డాక పూర్తిగా ఎవరి దారి వారిదే అయింది. గీత హుషారు అందుకే.

అంకెలుగా మార్చేటప్పుడు పుట్టే మాయ తరంగం

పెద్దదైన సంకేతం ఆర్డుయినో లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుకు చేరుతుంది. ఆర్డుయినో ఊనోలో 0 నుంచి 5 వోల్టులదాకా 1,024 మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. 1 మిల్లీవోల్టు గుండె సంకేతాన్ని నేరుగా ఇస్తే ఒక్క మెట్టు కూడా దాటదు. ప్రచారంలో ఉన్న ఏడీ8232 బోర్డుల్లో మొత్తం పెంపు సుమారు 1,100 రెట్లు. అంటే 1 మిల్లీవోల్టు 1.1 వోల్టు అవుతుంది, దాదాపు 225 మెట్లు. చక్కని గీత. అదే పెంపుతో 50 మైక్రోవోల్టుల మెదడు సంకేతం 11 మెట్లే ఎక్కుతుంది, ఇటుకలు పేర్చినట్టు గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఓపెన్ బీసీఐలోని చిప్ 24 బిట్లది, అంటే మెట్లు మరెన్నో రెట్లు ఎక్కువ. దాని ఒక్కో మెట్టు సుమారు 0.022 మైక్రోవోల్టు. ధరల తేడాలో కొంత ఈ మెట్ల తేడానే.

మెట్లకన్నా ప్రమాదకరమైనది సమయం. కంప్యూటర్ గీతను గీతగా చూడదు, సెకనుకు ఇన్నిసార్లని తొంగి చూస్తుంది. ఒక అలను సరిగా పట్టాలంటే అది ఊగే వేగానికి రెట్టింపుకన్నా ఎక్కువసార్లు చూడాలి. చూడకపోతే ఏమవుతుంది? సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం అందరూ గమనించే ఉంటారు. ఇక్కడా అదే.

ఒక విద్యార్థి ప్రోగ్రాము సెకనుకు 60 సార్లు కొలుస్తోందనుకుందాం. గోడ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతోంది. రెండు కొలతల మధ్య కరెంటు ఒక చుట్టులో ఆరింట ఐదు వంతులు తిరుగుతుంది. చూసేవాడికి అది ఆరింట ఒక వంతు వెనక్కి తిరిగినట్టే ఉంటుంది. 60లో 50 తీసేస్తే 10. తెర మీద సెకనుకు 10 సార్లు ఊగే నున్నని అల పుడుతుంది. మెదడులో అందరికీ తెలిసిన ఆల్ఫా లయ సెకనుకు 8 నుంచి 13 సార్లు. గోడ కరెంటు సరిగ్గా ఆల్ఫా వేషం కట్టుకుని వచ్చిందన్నమాట! ముందే సెకనుకు 50 ఊపులను, అంటే 50 హెర్ట్జ్‌ను అణచే వడపోత లేకపోతే, ఒకసారి ఇలా అంకెల్లోకి వచ్చేసిన దొంగను తర్వాత ఏ లెక్కతోనూ విడదీయలేం.

వడపోత దేన్ని తీసేస్తుంది, దేన్ని తీసుకుపోతుంది

ఒకే వేగంతో ఊగే అలను తొలగించే వడపోతను నాచ్ ఫిల్టర్ అంటారు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. అమెరికాకు తగ్గట్టు 60 దగ్గర వడపోత పెట్టిన కిట్‌ను ఇక్కడ వాడితే అది లేని దొంగను పట్టుకుని ఉన్న దొంగను వదిలేస్తుంది.

రెండోది తక్కువ వేగాల వడపోత. ఊపిరి తీసినప్పుడు, స్టిక్కరు కింద చెమట పట్టినప్పుడు గీత మొత్తం మెల్లగా పైకీ కిందికీ జారుతుంది. దాన్ని ఆపడానికి చాలా కిట్లు 0.5 హెర్ట్జ్ కంటే మెల్లని మార్పులను కోసేస్తాయి. నాడి లెక్కించడానికి ఇది మేలే చేస్తుంది. కానీ గుండెపోటు అనుమానించినప్పుడు వైద్యులు చూసేది ఎస్, టీ అలల మధ్య ఉండే చదునైన భాగం పైకి లేచిందా, కిందికి దిగిందా అని. అది మెల్లని మార్పు. సాధారణ వడపోతను 0.5 దగ్గర పెడితే ఆ భాగం వంకర పోవచ్చు, లేని మార్పు ఉన్నట్టు కనిపించవచ్చు. రోగనిర్ధారణ కోసం వాడే ఈసీజీ యంత్రాలు 0.05 హెర్ట్జ్ దాకా కిందికి వెళ్ళేది ఇందుకే. అందంగా నిలకడగా ఉన్న గీత నిజమైన గీత కావాలని లేదు.

గుండె గీతను చదవడం: ఒక లెక్క

కిట్ సెకనుకు 250 సార్లు కొలుస్తోంది. అన్నిటికన్నా ఎత్తుగా లేచే ఆర్ శిఖరాలు రెండింటి మధ్య 200 కొలతలు ఉన్నాయి. 200ను 250తో భాగిస్తే 0.8 సెకను. 60ని 0.8తో భాగిస్తే నిమిషానికి 75. ఆసుపత్రి కాగితం మీద ఇదే లెక్కను గళ్ళతో వేస్తారు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి పెద్ద గడి 0.2 సెకను, నాలుగు పెద్ద గళ్ళంటే 0.8 సెకను.

తర్వాతి మూడు వ్యవధులు 0.76, 0.82, 0.88 వచ్చాయనుకోండి. గుండె లయ తప్పిందని గాభరా పడేవాళ్ళు చాలామంది ఉంటారు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకోవడం, వదిలేటప్పుడు నెమ్మదించడం సహజం, ముఖ్యంగా చిన్న వయసులో. ఊపిరితో పాటు వచ్చిపోయే ఈ హెచ్చుతగ్గులకు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో కనిపించే పొంతన లేని వ్యవధులకు తేడా ఉంది. ఆ జబ్బులో, ఎత్తైన శిఖరానికి ముందు వచ్చే చిన్న పీ అల కూడా ఉండదు. చవక కిట్‌లో పీ అల రొదలో కలిసిపోయి కనిపించకపోవచ్చు. లేకపోవడం, కనిపించకపోవడం వేర్వేరని గీత చెప్పదు.

ఇంకో పరిమితి అంకెల్లో లేదు. మూడు స్టిక్కర్ల కిట్ గుండెను ఒక్క వైపు నుంచి చూస్తుంది. ఆసుపత్రిలో పది ఎలక్ట్రోడ్లతో పన్నెండు వైపుల నుంచి చూస్తారు. ఇంటిని వీధి వైపు నుంచే చూసినవాడికి పెరటి గోడ కూలిన సంగతి తెలియదు.

జెల్లీ ముద్దకు మెదడు ఉందా?

జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు తరంగాలను నమోదు చేసి, ఐదేళ్ళు సందేహించి 1929లో ప్రచురించాడు. అవి నిజంగా మెదడువేనా అని తోటివారు కూడా చాలాకాలం శంకించారు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి నిర్ధారించాక గానీ లోకం నమ్మలేదు. ఆ శంక అనవసరమైనది కాదు. 1970లలో కెనడాలో ఏడ్రియన్ అప్టన్ అనే నాడీవైద్యుడు తినే జెల్లీ ముద్దకు ఎలక్ట్రోడ్లు తగిలించి ఈఈజీ తీశాడు. చుట్టుపక్కల యంత్రాలు, కదలికల వల్ల దాంట్లోనూ మెదడు తరంగాల్లాంటి గీతలు వచ్చాయి. మెదడు పని ఆగిపోయిందని ప్రకటించడానికి ఈఈజీ ఒక్కదాన్నే నమ్మకూడదని ఆయన హెచ్చరిక. నేను ఇంట్లో దోసకాయతో ఇదే చేశాను. గీత ఎంత ఠీవిగా వచ్చిందంటే, పప్పులో వేయడానికి కాస్త మనసొప్పలేదు.

కాబట్టి "ఆలోచనతో నడిచే కారు" దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నుదుటి మీద ఎలక్ట్రోడు పెట్టి, గట్టిగా దృష్టి పెడితే కారు కదులుతుంది. గట్టిగా దృష్టి పెట్టేటప్పుడు మనిషి ఏం చేస్తాడు? కనుబొమలు ముడుస్తాడు, దవడ బిగిస్తాడు, రెప్ప వాల్చడం మారుస్తాడు. నుదుటి కండరం, రెప్పల కదలిక ఇచ్చే సంకేతాలు మెదడు సంకేతంకన్నా ఎన్నో రెట్లు పెద్దవి. కారు కదిలింది నిజం, మనిషి ఒంటి సంకేతంతోనే కదిలింది కూడా నిజం. మెదడు సంకేతంతో కదిలిందా అన్నది వేరే ప్రశ్న. చేతులు కదలని వ్యక్తి రెప్పపాటుతో చక్రాల కుర్చీ నడపగలిగితే అది గొప్ప పనే, దానికి మెదడు పేరు తగిలించనక్కర్లేదు.

అయితే చవక కిట్లతో మెదడు సంకేతం అసలు దొరకదనడం కూడా తప్పు. తల వెనుక భాగంలో ఎలక్ట్రోడ్లు పెట్టి కళ్ళు మూసుకుంటే చాలామందిలో ఆల్ఫా లయ స్పష్టంగా పెరుగుతుంది, తెరిస్తే తగ్గుతుంది. పదిసార్లు మూసి తెరిచినా అదే జరిగితే అది మెదడుదే అనడానికి గట్టి ఆధారం. మన 60 కొలతల మాయ ఆల్ఫాకు కళ్ళతో పని లేదు, మూసినా తెరిచినా అది అలాగే ఊగుతుంది. సెకనుకు 12 సార్లు వెలిగి ఆరే దీపాన్ని చూస్తుంటే తల వెనుక 12 హెర్ట్జ్ అల పుట్టడం ఇంకో నమ్మదగిన ప్రయోగం. వేర్వేరు వేగాలతో మినుకుమనే రెండు దీపాలు పెడితే మనిషి దేన్ని చూస్తున్నాడో కొన్ని సెకన్లలో చెప్పవచ్చు. అది దృష్టి ఎటుందో చెప్పడం మాత్రమే, మనసులోని మాట చదవడం కాదు.

బ్యాటరీతోనే నడపమనడం ఎందుకు?

ఈ కిట్లు కరెంటును ఒంట్లోకి పంపవు, ఒంట్లోదాన్ని వింటాయి. మూడో స్టిక్కరు పంపేది అతి స్వల్పం. తలకు కరెంటు పెట్టి ప్రేరేపించే పరికరాలు వేరే జాతి, వాటి ప్రమాదాలు వేరు. మరి వినే కిట్‌కు భయమెందుకు?

మెటల్ బాడీ ల్యాప్‌టాప్‌ను రెండు పిన్నుల ఛార్జరుకు తగిలించి, దాని మీద వేలు మెల్లగా రాస్తే జివ్వుమనడం చాలామందికి తెలుసు. ఛార్జరులోంచి కారే ఆ కరెంటు మిల్లీ ఆంపియరులో కొంత భాగమే. మామూలుగా దానివల్ల హాని లేదు. కానీ రోగి ఒంటికి తగిలే వైద్య పరికరాల్లో చాలావాటికి అంతర్జాతీయ ప్రమాణం మామూలు స్థితిలో అనుమతించేది 0.1 మిల్లీ ఆంపియరు. నేరుగా గుండెకు తగిలేవాటికి అందులోనూ పదో వంతు.

అసలు ప్రమాదం ఛార్జరు లోపల ఏదైనా కాలిపోయి 230 వోల్టులు నేరుగా కిట్‌కు చేరినప్పుడు. పొడి చర్మం నిరోధం లక్ష ఓములనుకుంటే ఒంట్లో పారేది 2.3 మిల్లీ ఆంపియర్లు, ఉలిక్కిపడి చేయి లాక్కుంటాం. కానీ మంచి గీత కోసం మనమే చర్మాన్ని రుద్ది జెల్ అంటించాం. నిరోధం 5,000 ఓములకు పడిపోయిందనుకుంటే అదే తప్పులో 46 మిల్లీ ఆంపియర్లు పారతాయి. 10 మిల్లీ ఆంపియర్లు దాటేసరికే పట్టుకున్నదాన్ని వదలలేని స్థితి రావచ్చు. ఇక్కడ వదలడానికి చేతిలో ఏదీ లేదు, స్టిక్కర్లు అతుక్కుని ఉన్నాయి, అదీ గుండెకు రెండు వైపులా. సంకేతం బయటికి రావడానికి తెరిచిన తలుపే కరెంటు లోపలికి రావడానికీ పనికొస్తుంది. ఛార్జరు తీసేసిన ల్యాప్‌టాప్, బ్లూటూత్, విద్యుత్ బంధం లేకుండా కాంతితో సంకేతం దాటించే విడి భాగాలు: అన్నీ ఆ తలుపుకు అటువైపు గోడ కరెంటు లేకుండా చూసే పద్ధతులే.

వైద్యుల భయం, ఔత్సాహికుల వాదన

ఇంటి ఈసీజీల మీద వైద్యుల అభ్యంతరం రెండు రకాలు. ఏమీ లేనిచోట ఏదో ఉందనుకుని జనం పరుగెత్తుకు రావడం ఒకటి. ఛాతీ నొప్పి వస్తున్నా గీత బాగుందని ఇంట్లోనే ఉండిపోవడం రెండోది. నా మటుకు రెండోదే భయంకరం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో యాపిల్ వాచ్ ఈసీజీకి అనుమతి ఇచ్చింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ సూచనల కోసం. గుండెపోటును తమ గడియారం గుర్తించలేదని తయారీ సంస్థే చెబుతుంది. హాబీ కిట్లకు ఆ పరిమిత అనుమతి కూడా ఉండదు. లక్షణాలు లేనివారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కోసం వెతకడం వల్ల లాభమా నష్టమా తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2022లో అభిప్రాయపడింది.

ఔత్సాహికుల వాదనలోనూ బలముంది. మూసి ఉన్న యంత్రం అంకె ఇస్తుంది, అది ఎలా వచ్చిందో చెప్పదు. కిట్ పట్టుకున్న పదో తరగతి పిల్లవాడికి రొద, వడపోత, తప్పుడు ఆల్ఫా అన్నీ కళ్ళెదుట కనిపిస్తాయి, రేపు గడియారం చూపే గీతను అతను అంత తేలిగ్గా నమ్మడు. పరికరం ధర ఒకప్పుడు ప్రయోగశాలలకే అందేది. ఇప్పుడు ఊళ్ళోని బడికీ అందుతోంది.

మూడో తగాదా ఈ మధ్యదే: నమోదైన సంకేతం ఎవరి సొత్తు? చిలీ 2021లో మెదడు సమాచారానికి రాజ్యాంగ రక్షణ ఇచ్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఒక మాజీ సెనేటర్ మెదడు సమాచారాన్ని తొలగించమని, తలకు పెట్టుకునే ఈఈజీ పరికరాలు అమ్మే ఎమోటివ్ సంస్థను ఆదేశించింది. సొంత ల్యాప్‌టాప్‌లోనే అంకెలు దాచుకునే కిట్లకు ఈ బెడద తక్కువ, అంకెలను ఎక్కడికో పంపే హెడ్‌బ్యాండ్లకు ఎక్కువ.

ఇక అమ్మమ్మ గీత సంగతి. మర్నాడు ఛార్జరు తీసేసి, మణికట్లు తడిగుడ్డతో తుడిచి, కొత్త స్టిక్కర్లు అంటించాను. ఈసారి గీత చాలావరకు చదునుగా ఉంది, ముప్పాతిక సెకనుకోసారి సన్నటి శిఖరం లేస్తోంది. ఆవిడ నాడి మీద నా వేలు పెట్టి చూశాను, ప్రతి శిఖరం తర్వాత ఒక దెబ్బ. ఇంతలో ఆవిడ దగ్గారు. గీత తెర పైకప్పుదాకా ఎగిరి, ఊగి, మెల్లగా కిందికి దిగింది. అమ్మమ్మ తెర వైపు వంగి, "దగ్గు కూడా పడిందే!" అన్నారు.